మూత పెట్టే చెయ్యి

ఇప్పుడా వచ్చేది హనుమేషప్పా? పొద్దున్నే వస్తానంటివి, పొద్దు నడినెత్తి దాటిపాయె. కౌల్ బజార్ నుంచి మా ఊరికి బండి మీద ఎంతసేపు? ఏందీ, రోడ్డు బాగలేదా? ఎప్పుడు బాగుండింది చెప్పు! దాని మీదనే కదా మేమందరమూ తిరుగుతాండేది.

అమ్మేటప్పుడు మీ సావుకారి 'రాండమ్మా, కుచ్చోండమ్మా' అని కుర్చీ తుడిచి వేస్తాడు. కాలిపోయిందప్పా అని ఫోన్ చేస్తే 'మెకానిక్ ఇంకో ఊర్లో ఉండాడమ్మా, నాళె కళిస్తీని, రేపు పంపిస్తా' అని రాగం తీస్తాడు. ఆ నాళె ఈ పొద్దుకు వచ్చింది.

సరే, చెప్పులు ఆడ విడిచి లోపలికి రా. అదిగో, వంటింట్లో ఆ మూల బల్ల మీద ఉండాది చూడు మీ మైక్రోవేవ్ పెట్టె, మూతి మాడ్చుకోని. బేస్తవారం మధ్యాహ్నం కాలింది. ఆదివారం వచ్చినా ఆ కమురు వాసన పోతే ఒట్టు. సాంబ్రాణి వేసి ఇల్లంతా తిప్పినా, ఊహూ.

ఉండుండు, ఆ సంచి తెరవొద్దు. ముందు నా మాట విను. నాకు రిపేరి అక్కరలేదప్పా. అది బాగైతే ఎంత, కాకపోతే ఎంత? నాకు కావాల్సింది నీ నోట్లో నుంచి ఒకే ఒక మాట. ఎందుకు కాలింది? మిషన్ తప్పా, మనిషి తప్పా? అది తేల్చు, చాలు.

ఇంకాసేపట్లో మా కోడలి నాయన వస్తాడు, హరిబాబు. క్యాంపు మనిషి. మా ప్రవీణ్‌కుమారూ దోణిమలై నుంచి వస్తాండాడు. వాళ్లిద్దరి ముందర నిలబడి ఆ మాట చెప్పేసి నీ దారిన నువ్వు పో.

ఎందుకా? చెప్తా. దాచేదానికేముండాది, ఊరంతా తెలిసిందే.

మా కోడలు తనూజకు దోణిమలైలో ఏదో ఇస్కూల్లో టీచరమ్మ పని దొరికింది. రేపు సోమవారం చేరాలంట. మావాడు ఆ గనుల కాడ టిప్పర్లు తిప్పుతాండాడు కదా, ఇద్దరూ ఆడనే ఇల్లు పట్టుకుంటారంట. పెట్టె కూడా సర్దుకుంది మహాతల్లి, బుధవారమే. చీరల మడతల మధ్యన కలరా ఉండలు పెట్టి మరీ.

బేస్తవారం ఇది కాలింది. అప్పుడు మావాడికి ఫోన్లో గట్టిగా చెప్పినా. 'ఒరే, వంటింట్లో ఒక పెట్టెను కాపాడుకోలేని మనిషి నీ ఇల్లేం కాపాడుతుంది? ఆడ ఒక్కతే ఉండి ఇల్లు తగలబెడితే పరిగెత్తుకోని వచ్చేదెవరు?' అంటి. వాడు అన్యాడు గదా, 'అమ్మా, మెకానిక్ వచ్చి చూడనీ. మిషన్ తప్పయితే తనూజ నాతో వస్తుంది. తనూజ తప్పయితే ఈ ఏడు నీ దగ్గరే ఉంటుంది, పని వద్దు.'

కడుపున పుట్టినోడు. ఆ మాత్రం వింటాడు.

అర్థమాయెనా? ఆ పిల్ల రేపు పొద్దున బస్సెక్కేదీ లేనిదీ ఇప్పుడు నీ నాలిక మీద ఉండాది. అందుకే కాఫీ ఇయ్యకముందే చెప్తాండా.

అవునూ, గేటు కాడ నీతో ఏమో గుసగుసలాడుతాండె. ఏందంట? ఏమీ లేదా? బండి ఆపేదానికి అంతసేపు పడుతుందా నీకు? ఏమీ లేదంటే సరే. నా కండ్లకు చత్వారం వచ్చింది గానీ నేను ఇంకా గుడ్డిదాన్ని కాలేదు.

పెరట్లో బట్టలు ఉతుకుతాండాది. విననీ. వినాలనే గట్టిగా మాట్లాడుతాండా.

సరే, ఇప్పుడు తెరువు నీ సంచి. మెల్లిగా, ఆ బల్లకు గీతలు పడతాయి.

ఏం జరిగిందా? అదే చెప్తాండా. నేను దేవుని గదిలో ఉండా. ఆయమ్మ వంటింట్లో పప్పు వేడి చేస్తాంది. ఉన్నట్టుండి పటపటా, పటపటా! మిరపకాయ టపాకాయల సరం అంటించినట్టు. వచ్చి చూస్తే లోపల నీలం రంగు మంట, మెరుపులు. నేను చెంబుతో నీళ్లు పట్టుకోని పోతి. మంట అంటే నీళ్లు పోస్తారు కదా ఎవరైనా? తలుపు తీసి పోద్దామని చెయ్యి పెడితి.

ఏం చేసింది తెలుసా? నన్ను తోసింది!

అవునప్పా. అత్తను. మోచేత్తో ఇట్లా ఒక్క తోపు. పోయి పిండి డబ్బా మీద పడితి. గాజులు రెండు చిట్లిపాయె. చూడు, మణికట్టు ఇంకా కమిలే ఉండాది. నన్ను తోసి, గోడ కాడ ప్లగ్గు పీకేసి, ఆ తలుపును రెండు చేతులతో అదిమి పట్టుకోని నిలబడింది. లోపల మండుతాంది, ఇది చూస్తా ఉండాది, సినిమా చూసినట్టు! 'తీయకండి అత్తయ్యా, గాలి తగిలితే పెరుగుతుంది, నీళ్లు పోస్తే కరెంటు కొడుతుంది' అని అరుపు. అదే ఆరిపోయిందిలే కాసేపటికి. ఆరిపోక ఏం చేస్తాది?

ఏమన్యావు? అట్లా చేసినందుకే ఇల్లు మిగిలిందా? నిన్నడిగినానా? నువ్వు వచ్చింది మిషన్ చూసేదానికి. మిషన్ చూడు.

ఊరంతా చెప్పినా నేను. కోడలు తోసింది అని. కాదని ఎవరైనా అనమను. తోసిందా లేదా? తోసింది కదా!

కాళ్లు నొప్పి, ఈ స్టూలు మీద కుచ్చుంటా. నువ్వు నీ పని చేస్తా విను.

అసలు ఈ పెట్టె నాకు వద్దప్పా. ఆయమ్మే తెప్పించింది. 'గ్యాసు దగ్గర నిలబడితే మీకు ఆయాసమండీ, ఇదైతే కూర్చునే వేడి చేసుకోవచ్చండీ.' అండీ, అండీ! క్యాంపోళ్ల మాట విన్యావా ఎప్పుడైనా? ప్రతి మాట కొసకూ ఒక అండీ తగిలిస్తారు, గేదె తోకకు గంట కట్టినట్టు. వాళ్ల తాతలు కాలవ నీళ్లు వస్తాయని కోస్తా నుంచి వచ్చి ఈడ గుడిసెలు వేసుకున్యారు. మేము కాలవ తవ్వక ముందు నుంచి ఉండాము. ఆ మాట గురునాథ్ ఉన్నంతకాలం చెప్తానే ఉండె పాపం. మా ఆయన. ఆయప్ప పోయినాక ఈ ఇంట్లో మేమిద్దరమే, ఆ పిల్లా నేనూ. పొద్దున లేస్తే దాని మొగం నేను, నా మొగం అది.

పెట్టె వచ్చిన దినం నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పింది. టీచరమ్మ కదా! నవ్వొస్తాంది తలుచుకుంటే.

'అత్తయ్యా, దీంట్లో పుట్టే తరంగాలు కోళ్లలాంటివండీ' అనింది. నాకు! కోళ్ల కథ! 'గంప కింద కోళ్లను మూసినట్టు వాటిని ఈ పెట్టెలో మూశారండీ. లోపల గింజలు చల్లామనుకోండి, పొడుచుకుని తిని ఊరుకుంటాయి. కూరలో ఉండే నీళ్లే వాటికి గింజలు. గింజల్లేకుండా ఖాళీగా తిప్పామనుకోండి, ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి, మిషన్ పాడైపోతుంది. గింజల మీద స్టీలు పళ్లెం బోర్లించామనుకోండి, లోపలికి పోలేక ఆ పళ్లాన్నే టకటకా పొడుస్తాయి, నిప్పురవ్వలు లేస్తాయి. అందుకని స్టీలు వద్దు, వెండి వద్దు, బంగారు గీత ఉన్న పింగాణీ కూడా వద్దండీ.'

చెప్పేటప్పుడు చేతులతో కోడి ముక్కు చేసి చూపిస్తాది, ఇట్లా, ఇట్లా. రెండో తరగతి పిల్లోళ్లకు చెప్పినట్టు. అర్థం కాలేదేమోనని మళ్లీ మొదటి నుంచి చెప్పింది. విసుక్కోదప్పా ఆ పిల్ల! విసుక్కుంటే నాకూ ఒక మాట అనేదానికి సందు దొరుకును. ఎన్నిసార్లు అడిగినా అదే నవ్వు, అదే కోళ్లు. నేను కావాలని అడుగుతాంటి, తెలుసా? ఎప్పుడు చిరాకు పడుతుందో చూద్దామని. పడలేదు.

అన్నీ వస్తాయి నాకు. అడుగు చెప్తా. గుడ్డు పెంకుతో పెట్టకూడదు, పేలుతుంది. ఉడికిన గుడ్డయినా సరే. నీళ్లు ఊరికే వేడి చెయ్యకూడదు, మరిగినట్టు పైకి కనపడవు, చెంచా పెట్టంగానే ఎగిసి మొగాన పడతాయి. ఆ మాట వినంగానే అనుకుంటి, ఇది నీ సంగతే కదే అని. పైకి ఎంత నిమ్మళం! ఏ చెంచా పెడితే ఎగుస్తాదో తెలీదు.

ఇంకా? కూర నడిమిట్ల కలిపి, చెయ్యి పెట్టి చూసి తినాల, ఒకచోట కాలుతుంది, ఒకచోట చల్లగుంటుంది. వెనకాల గాలి ఆడేదానికి జానెడు చోటు వదలాల. పైన గుడ్డ కప్పకూడదు. ఈ మాట మీద ఎంత రగడ జరిగిందనుకున్యావు! నేను అల్లిన జాలీ గుడ్డ, కొత్త వస్తువు కదా అని కప్పితే తీసి మడిచి బీరువాలో పెట్టింది. నా చేతి పని! 'గాలి ఆడదండీ.' నాకు ఆడలేదు ఆ రోజు గాలి.

రోజూ సాయంత్రం నిమ్మకాయ పిండిన నీళ్లు గిన్నెలో పెట్టి తిప్పి, ఆ ఆవిరికి మెత్తబడినాక లోపలంతా గుడ్డతో తుడుస్తుంది. తలుపు అంచులు కూడా. చిందిన నూనె ఉంటే అంటుకుంటుందంట. నేను కావాలని కూర నిండుగా పెట్టి చిందిస్తాంటి. మాట్లాడకుండా తుడుస్తాంటాది. చూస్తే ఒళ్లు మండేది.

ఇవన్నీ తెలిసిన మనిషి, ఇన్ని పాఠాలు చెప్పిన మనిషి, తానే కాల్చింది చూడు. అదప్పా నాకు కావాల్సింది. ఊరికి పాఠాలు చెప్పేదానికి పోతాండాది కదా, ముందు తన పాఠం తాను చదువుకోమను.

ఒక్క విషయంలో మాత్రం నేను ఆయమ్మ మాట వినలేదు. మూత.

మా ఇంట్లో మూత లేని గిన్నె ఉండదప్పా. నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో పాల గిన్నె మూత లేకుండా పెట్టి పోయినానని మా అత్త గరిటె తీసుకోని వీపు మీద కొట్టింది. బల్లి పడుతుంది, దిష్టి పడుతుంది, దుమ్ము పడుతుంది. కాదంటావా? అప్పటి నుంచి ఈ చేతికి అదొక అలవాటు. గిన్నె కింద పెట్టినానంటే రెండో చెయ్యి మూత మీద ఉంటుంది. నిద్రలో కూడా పెడతానని మా ఆయన ఎగతాళి చేస్తాండె. నా పెండ్లికి మా పుట్టింటోళ్లు ఇచ్చిన బోకులన్నిటికీ జత మూతలు, ఒక్కొక్క దాని మీద నా పేరు చెక్కించి ఇచ్చినారు. ఈ పొద్దుకీ అవే వాడతాండా.

ఈయమ్మ ఏం చేసిందంటే, ఈ పెట్టె కోసమని ఒక ప్లాస్టిక్ మూత కొనుక్కొచ్చింది. దానికి చిల్లులు! 'ఆవిరి పోవాలండీ.' చిల్లుల మూత మూతా? జల్లెడను గొడుగు అంటారా? తీసుకుపోయి పిల్లికి పాలు పోసే దగ్గర పడేసినా. మాట్లాడకుండా కడుక్కోని మళ్లీ తెచ్చి పెట్టుకుంది.

ఏందీ? తేలిపాయెనా? ఏం చెప్తాండావు, గట్టిగా చెప్పు. పెరట్లోకి వినపడేటట్టు చెప్పు!

పెట్టె లోపల ఈ పక్క గోడకుండే రేకు మాడి చిల్లుపడిందా? మిషన్లో ఏ తప్పూ లేదా? లోపల... స్టీలు పెట్టినారా!

అదీ! అదప్పా మాట! స్టీలు! తనూజా, విన్యావా? స్టీలంట! అయ్యో, కోళ్ల టీచరమ్మే స్టీలు పెట్టిందంటనే! ఇంకా దేనికమ్మా ఆ పెట్టె సర్దుకున్యావు, విప్పుకో. చీరలు మడత నలుగుతాయి.

నీ నోరు సల్లగుండ హనుమేషప్పా. ఉండు, కాఫీ తాగి పోదువు. గ్యాసు మీదనే పెడతాలే, నవ్వొద్దు. చక్కెర ఎంత? స్వల్ప చాలా? మీ ఆవిడ తగ్గించమనిందా? ఆడోళ్ల మాట వింటావన్నమాట. మావాడూ అంతే, కాకపోతే ఇన్నాళ్లూ విన్నది నా మాట. ఇంక ముందూ నాదే వింటాడు, నువ్వు ఆ ఒక్క మాట హరిబాబు ముందర అంటే చాలు.

వాళ్ల నాయన మొగం చూడాల అప్పుడు! వచ్చినప్పుడల్లా 'మా అమ్మాయి క్లాసులో ఫస్టండీ, టీచర్ ట్రైనింగులో ఫస్టండీ' అని ఒకటే ఊదర. ఈ పొద్దు అందాం, 'అవునప్పా, ఇల్లు కాల్చేదాంట్లోనూ ఫస్టే' అని. ఎట్లుండాది?

ఇదో, తీసుకో. వేడిగుండాది, లోటా అంచు పట్టుకో.

ఏమప్పా? కాఫీ తీసుకోమంటే మూత పట్టుకోని చూస్తావేంది? ఈగలుండాయి కదా, అందుకే మూసి తెచ్చినా. లోటాకు అంత పెద్ద మూతా అనా? చేతికి ఏది దొరికితే అది పెడతా, చెప్తి కదా.

అంచు మీద నల్లగా... యాడ? మసిలే. గ్యాసు మసి.

గోకితే పోవడం లేదా? అట్లా గోళ్లతో గోకుతావేందప్పా, పాత బోకు.

బొట్లు బొట్లుగా కరిగిందా? స్టీలు కరుగుతుందా యాడన్నా? కరగదు. ఏ మంట మీద పెట్టినా కరగదు.

ఈ మిషన్లో పెడితే తప్ప ఇట్లా కరగదనా.

ఇట్లియ్యి ఆ మూత.

ఇయ్యి అంటాండా కదా! దాని మీద పేరు చదివేదానికి నీకు తెలుగు రాదులే. ఏందీ, వచ్చా? మీ అమ్మ నేర్పిందా? బాగా నేర్పింది. సరే చదువు. సుభద్రమ్మ. అవును, నేనే. ఈ ఇంట్లో ఇంకో సుభద్రమ్మ లేదు.

మెల్లిగా మాట్లాడు. ఆ పెరటి తలుపు కొంచెం దగ్గరికి వెయ్యి.

నేను కావాలని పెట్టలేదు. దేవుని మీద ఒట్టు, కావాలని పెట్టలేదు. గాజు గిన్నెలో పప్పు పోసినా, లోపల పెట్టినా. ఈ రెండో చెయ్యి ఉండాది చూడు, ఇది పోయి మూత తెచ్చి పెట్టింది. నేను పెట్టలేదప్పా, చెయ్యి పెట్టింది! తలుపు మూసి మీట తిప్పినాక కూడా నాకు తెలీలేదు. పటపటా అన్నాక తెలిసింది. అప్పటికి ఆ పిల్ల పెరట్లో నుంచి పరిగెత్తుకోని వచ్చింది.

అవును, దేవుని గదిలో లేను. వంటింట్లో ఉండేది నేనే. ఇప్పుడు నీకు నిమ్మళమా?

మంట ఆరినాక ఆయమ్మ మావాడికి ఫోన్ చేసేదానికి బయటికి పోయింది. ఇంట్లో సిగ్నల్ రాదు. అప్పుడు మూత తీసి మాపటి బోకుల్లో కలిపేసినా. పప్పు మాడింది, గిన్నె నల్లగుండాది, దాని కిందికి తోసేసినా.

ఎవరు తోమినారనా? ఎవరు తోముతారు ఈ ఇంట్లో? ఆ పిల్లే.

అదేనప్పా నా మంట! చాలాసేపు తోమింది. వసారాలో కుచ్చోని నేను చూస్తానే ఉండా. కొబ్బరి పీచుతో తోమింది, బూడిదతో తోమింది. ఆ మచ్చలు పోలేదు. మూతను ఎండకు అట్లా తిప్పి, ఇట్లా తిప్పి చూసింది. వేలితో అంచంతా తడిమింది. ఇంక లేస్తాది, మూత పట్టుకోని నా మీదికొస్తాది, 'ఏంటత్తయ్యా ఇది' అంటాది అనుకోని నేను జవాబు కూడా రెడీ చేసుకుంటి. ఏమన్నా అనిందా? తుడిచింది. తెచ్చి దాని చోట్లో దాన్ని పెట్టింది. 'అన్నం వడ్డించేదా అత్తయ్యా' అని అడిగింది!

తెలుసు దానికి. ఆ సాయంత్రం నుంచి తెలుసు. తెలిసీ నా ముందర నడుస్తాండాది, నాకు మాత్రలు ఇస్తాండాది, మణికట్టుకు నూనె రాస్తాండాది. 'నొప్పి తగ్గిందా అండీ.' ఆ చెయ్యి తగిలినప్పుడల్లా వాత పెట్టినట్టు ఉంటాది నాకు. కొట్టినా బాగుండు. మొగుడికి చెప్పినా బాగుండు. గమ్మునుండి నన్ను చిన్నదాన్ని చేసింది, కాదా? మంచితనమంటావా దాన్ని? నువ్వు మగోనివి, నీకు అట్లనే కనపడుతుంది.

ఇప్పుడు చెప్పు, గేటు కాడ ఏమనింది నీతో? ఇప్పుడన్నా చెప్పు.

...మిషనే చెడిపోయిందని చెప్పమనిందా. ఎవరి పేరూ రానీయొద్దు అనిందా.

అత్తయ్యకు తలవంపులు కాకూడదు, అనిందా!

ఓహో. ఓహోహో. చూసినావా ఎంత పెద్దరికమో! నాకు భిక్షమేస్తాండాది, వాకిట్లో నిలబడి, మెకానిక్ చేతుల మీదుగా. నా ఇంట్లో. నేను ఆయమ్మ దయ మీద తల ఎత్తుకోని తిరగాలన్నమాట! బతికినన్నాళ్లూ 'నా మూత సంగతి దానికి తెలుసు' అనుకుంటా బతకాల. అది దోణిమలైలో నవ్వుకుంటా బతుకుతాది.

ఊహూ. కాదు. అట్లా జరగదు.

విను హనుమేషప్పా. నువ్వు సూక్ష్మం తెలిసినోనివి. మీ నాయన పక్కీరప్ప మా కాలవ కింది మడి గుత్తకు చేస్తాండాడు కదా. పోయిన పంటకు నీళ్లు చివర్లో అందక గుత్త కట్టలేకపోతే, మావాడు 'వేరే వాళ్లకిద్దాం' అన్యాడు. నేనే వద్దంటి. పాపం, ముసలాయప్ప, ఆ మడి గట్టు మీదనే నడుము వంగిపాయె అంటి. ఇప్పుడు నింగప్ప తిరుగుతాండాడు, నాకియ్యండమ్మా నాకియ్యండమ్మా అని. వచ్చే వారం చెప్తానంటి.

బెదిరింపు కాదప్పా. ఊరికే, సుమ్నే చెప్తాండా. మీ నాయన ఆరోగ్యం ఎట్లుండాది?

మొగం అట్లా పెట్టొద్దు. నేను నిన్ను అబద్ధం చెప్పమన్నానా? నా నోట్లో నుంచి అబద్ధం అనే మాట వచ్చిందా? నిజమే చెప్పు. 'మిషన్ బాగుండాది, లోపల స్టీలు పెట్టినారు.' అంతే. నీ కండ్లతో చూసింది అదే కదా? ఎవరు పెట్టినారని అడిగితే 'నాకేం తెలుసు, నేను ఉండానా' అను. అదీ నిజమే. ఇంత నిజం చెప్పి ఏ మెకానిక్ అయినా చెడిపోయినాడా? మిగతాది వాళ్లే అనుకుంటారు. ఇట్లాంటివన్నీ ఎప్పుడూ వాళ్లే అనుకుంటారు, మనం చెప్పే పని ఉండదు.

ఆ పిల్ల నోరు తెరిస్తేనా?

తెరవదు. అదే కదా నా ధైర్యం. వాళ్ల నాయన ముందర, మొగుని ముందర అత్త మీద చాడీ చెప్పే రకం కాదు. చెప్పేదే అయితే ఇన్ని దినాలు ఎందుకు దాచుతుంది? అందరూ చూస్తాంటే తల దించుకోని నిలబడుతుంది. 'నా పొరపాటేనండీ' అన్నా అంటుంది, ఎవరు చూసినారు! ఆ మంచితనాన్నే పట్టుకోని దాన్ని ఈ ఇంట్లో కట్టేస్తా. దానికి వేరే తాడు ఎందుకప్పా?

నన్ను అట్లా చూడొద్దు అంటాండా కదా.

మూత ఏం చేస్తానా? ఏం చేస్తా, దాని చోట్లో పెడతా. పారేస్తాననుకున్యావా? నా పుట్టింటోళ్లు ఇచ్చింది. ఇదో, పెట్టినా. రేపు మళ్లీ తనూజే తోముతాది. రోజూ తోముతాది, రోజూ ఆ మచ్చలు చూస్తాది, నేనూ రోజూ చూస్తా, అది చూస్తాందా లేదా అని. జరగనీ. ఎన్నాళ్లు గమ్మునుంటుందో నేనూ చూస్తా.

బండి చప్పుడు! విన్యావా? హరిబాబే. ఆయప్ప బుల్లెట్టు ఊరి బయట నుంచే వినపడుతుంది. వెనకాల కారు మావాడిదే ఉంటుంది.

లెయ్. ముఖం తుడుచుకో, చెమట కారుతాంది. ఆ కాలిన రేకు ముక్క చేతిలో పట్టుకో, చూపించేదానికి బాగుంటుంది.

తనూజా! అమ్మా తనూజా! మీ నాయన వచ్చినాడు చూడు తల్లీ, కాళ్లకు నీళ్లు పట్టుకోని పో! తడి చేతులు తుడుచుకో, జలుబు చేస్తాది!

చూసినావా, ఎట్లా పరిగెత్తుతాందో. నా వైపు చూసి నవ్వింది కూడా. అదే నవ్వు.

ఏందప్పా, ఏమో గొణుగుతాండావు? నాకు జాలి లేదా అనా?

ఉండొచ్చు, యాడో. వెతుక్కునే తీరిక లేదు. నువ్వు ఒకటి చెప్పు. ఆ పిల్ల చెప్పిన కోళ్ల కథలో నాకు బాగా గుర్తుండేది ఒకటే, గింజల్లేని గంప. రేపు పొద్దున అది బస్సెక్కి పోయిందనుకో. సాయంత్రానికి ఈ గంప కింద నేనొక్కదాన్నే. పొడిచేదానికి కూడా ఎదురుగా ఇంకో కోడి ఉండదు. ఈ గోడలను పొడవాలనా నేను?

పద, పద, చెప్పులు విడుస్తాండారు.

అయ్యో, కాఫీ ఒక గుక్క కూడా తాగలేదే నువ్వు! చల్లారిపోయిందా? ఆరదా మరి. మూత తీసి చేతిలో పెట్టుకోని కుచ్చుంటివి.